కారం ఐసు

మా ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా భోజనాల తరువాత ఒక కథ చెప్పుకుంటారు. మొన్న మా బాబాయి కొడుకు గృహప్రవేశంలోనూ చెప్పుకున్నారు. చెప్పింది అతనే. ఆ కథలో ఏడ్చిన అయిదేళ్ళ పిల్లవాడూ అతనే. మిరపకాయల పనికి వచ్చే ఆవిడ చేత మామిడిపండ్ల ఐసులు చేయిస్తే ఏమవుతుందని అడిగి, కారం ఐసు అవుతుందని అతనే జవాబు చెప్పాడు. అందరూ నవ్వారు. కొత్త కోడళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను చేయి కడుక్కునే నెపంతో లేచి పెరట్లోకి వెళ్ళాను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట అతని మీద కాదని నాకు తెలుసు.

వాళ్ళను తప్పు పట్టే హక్కు నాకు లేదు. మా కుటుంబంలో ఎవరు ముందు పుట్టారు, ఏ పొలం ఎవరి వాటాకు వచ్చింది, ఎవరి పెళ్ళిలో పందిరి కూలింది అన్న వాదన వస్తే నాకు ఫోను చేస్తారు. పదమూడో ఏట మొదలుపెట్టిన నా పుస్తకాలు వరుస తప్పకుండా బీరువాలో ఉన్నాయి. ఎవరు తప్పు చెప్పినా అక్కడికక్కడే దిద్దుతానని నాకు పేరు. అందుకు కొందరికి నేనంటే కోపం కూడా. అటువంటి నేను ఈ ఒక్క కథను మాత్రం నలభై ఏళ్ళుగా దిద్దకుండా వింటూ వచ్చాను. ఆ కథ తప్పు. ఆ తప్పు పుట్టింది నా చేతిలో.

ఆ వేసవిలో మా ఇంటికి ఫ్రిజ్జు వచ్చింది. మా ఊళ్ళో అదే మొదటిది. గుంటూరు నుంచి ట్రాక్టరులో వరిగడ్డి పరిచి తెచ్చారు. హాల్లో చెక్క పీట మీద నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, పైన మా అమ్మ అల్లిన లేసు గుడ్డ పరిచారు. పక్కన స్టెబిలైజరు పగలంతా మూలుగుతూ ఉండేది. తాళం చెవి నాయనమ్మ బొడ్లో ఉండేది. పెరుగు పెడితే పడిశం పడుతుందని, కూర పెడితే చద్దిదవుతుందని ఆవిడ వాదం. అందువల్ల మొదటి వారమంతా ఆ పెట్టెలో మంచినీళ్ళ సీసాలూ, తడిగుడ్డలో చుట్టిన మల్లెమొగ్గలూ తప్ప మరేమీ లేవు.

మాకు కావలసింది ఐసు. మధ్యాహ్నం పూట సైకిలు మీద డబ్బా పెట్టుకుని, రబ్బరు బూర నొక్కుకుంటూ ఐసు అమ్మే మనిషి వచ్చేవాడు. అతని ఎర్ర ఐసు చీకితే మోచేతి దాకా రంగు కారేది. అది మురిక్కాలవ నీళ్ళతో చేస్తారని నాయనమ్మ మమ్మల్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. కాబట్టి ఇంట్లోనే చేసుకోవాలని తీర్మానించాం. చేయడం అంటే ఇంతే: పండిన రసాలను మెత్తగా పిసికి, రసం పిండి, పీచు రాకుండా పల్చటి గుడ్డలో వడకట్టి, పంచదార, కాసిని నీళ్ళు, చిటికెడు ఉప్పు కలిపి చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి, కొబ్బరి ఈనె ముక్క ఒకటి నిలబెట్టి పై అరలో పెట్టడం. చెప్పినంత తేలిక కాదు. మొదటిసారి పంచదార ఎక్కువై గడ్డకట్టలేదు. రెండోసారి నీళ్ళు ఎక్కువై రుచి పోయింది. మూడోసారి కరెంటు పోయి ఈనెలన్నీ పక్కకు వాలిపోయాయి.

అప్పుడు నేను పుస్తకం పెట్టాను. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, గోనెసంచి దారంతో కుట్టి, స్కేలుతో గళ్ళు గీశాను. ఏ పండు, ఎన్ని నీళ్ళు, ఎంత పంచదార, ఎన్ని గంటలకు పెట్టాం, ఎప్పటికి గడ్డకట్టింది. వారం తిరిగేసరికి ఆ గళ్ళు చూసి తాతయ్య కళ్ళజోడు సర్దుకుని, ఈ పిల్ల కరణం కావలసింది అన్నాడు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది.

ఇక్కడ ఆమె గురించి చెప్పాలి. ఆమె మా మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరి, తొడిమలు తీసే పనికి వచ్చేవారు. మా అమ్మకంటే పెద్దవారు. చర్చిలో పాటలకు ఎత్తుగడ ఆమెదేనని, బైబిలు తడుముకోకుండా చదువుతారని చెప్పుకునేవారు. మా ఇంట్లో అయిదేళ్ళ పిల్లవాడితో సహా అందరం ఆమెను పేరు పెట్టి, ఏకవచనంతో పిలిచేవాళ్ళం. ఇక్కడ అక్క అని రాస్తున్నాను. ఈ మర్యాద అప్పుడు ఇచ్చింది కాదు, ఇప్పుడు రాతలో చేరుస్తున్నది. చదివేవారు అది గుర్తుంచుకోవాలి.

ఏళ్ళ తరబడి మిరప దుమ్ము పీల్చి అక్కకు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మెట్లెక్కితే ఆగి ఆగి ఊపిరి తీసేవారు. కల్లం పని మానుకోకపోతే ఊపిరితిత్తులు మిగలవని ఆసుపత్రిలో చెప్పారట. మానితే తినేదేమిటి? అదే వేసవిలో ఊళ్ళో బాలవాడి తెరవబోతున్నారు. పిల్లలకు ఉప్మా వండి పెట్టడానికి ఒక ఆయా కావాలి. తాతయ్య ఎవరి పేరు చెబితే వారిదే ఆ పని. అక్క వచ్చి మా అమ్మను అడిగారు. అమ్మ వెళ్ళి తాతయ్యను అడిగింది.

తాతయ్య కాదనలేదు. అవుననీ అనలేదు. "మన ఇంట్లో పిల్లలే ఆమె చేతిది తినకుండా, ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని తినమని ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా?" అన్నాడు.

అమ్మ ఆ మాటను పట్టుకుంది. అన్నం అంటే నాయనమ్మ ఇంటి కప్పు లేపుతుంది. అయితే పండుకు అంటు లేదు. ఎవరి చేతి పండయినా ఎవరయినా తినవచ్చునని నాయనమ్మే అనేది. పండు రసమూ పండే కదా, గడ్డకడితే మాత్రం పండు కాకుండా పోతుందా అని అమ్మ నెమ్మదిగా వాదించింది. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి, "ఐసేగా, ఏడవండి" అని ఒప్పుకుంది. నెల రోజులు అక్క చేతి ఐసులు మేము తినాలి. ఆ తరువాత తాతయ్య బాలవాడి వాళ్ళకు పేరు చెబుతాడు. ఇదీ ఒప్పందం. మా ఐసుల మీద ఒక మనిషి ఊపిరి ఆధారపడి ఉందని నాకు పదమూడో ఏట స్పష్టంగా తెలుసు. తెలియదని ఇప్పుడు అనలేను.

నాయనమ్మ ఒక్క అభ్యంతరం మాత్రం వదల్లేదు. అవి మిరపకాయల్లో నానిన చేతులు, ఆ కారం రసంలోకి దిగదా అంది. మిరప కారం నీళ్ళకు పోదని మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. నూనె పడితేనే వదులుతుంది. అందుకని అక్క పెరటి గుమ్మం దగ్గర కూర్చుని ముందు ఆముదం రాసుకుని, పొయ్యిబూడిదతో తోముకుని, సబ్బుతో కడుక్కుని, చివరికి వేళ్ళను నాలికకు ఆనించి చూసుకుని అప్పుడు పండు ముట్టుకునేవారు. అమ్మ నన్ను పిలిచి పుస్తకంలో మరి మూడు గళ్ళు గీయమంది. పిండింది ఎవరు, వడకట్టింది ఎవరు, చేతులు ఎట్లా ఉన్నాయి. "మాటంటే మీ నాయనమ్మ కాదంటుంది. రాసి ఉంటే మీ తాతయ్య కాదనరు" అంది. ఆ గళ్ళు అక్కను కాపాడటానికి గీయించినవి.

ఆ మూడు వారాలూ మా ఇంట్లో మధ్యాహ్నాలు మామిడిపండ్ల వాసనతో నిండిపోయేవి. బుట్టల్లో గడ్డి తొలగించి, తొడిమ దగ్గర ముక్కు పెట్టి, ఇది ఇవాళ్టిది, ఇది రేపటిది అని అక్క విడదీసేవారు. ఒక్కసారీ తప్పలేదు. టెంకలు చీకే పని మాది. పిండుతూ ఆమె ఏదో కీర్తన సన్నగా అందుకునేవారు. మధ్యలో ఊపిరి అందక ఆగి, ఆగినచోటి నుంచే మళ్ళీ ఎత్తుకునేవారు. మా చిన్నవాడు ఆమె ఒళ్ళోకి ఎక్కబోతే నాయనమ్మ హాల్లోంచి దగ్గేది. వాడు దిగేవాడు. అక్క ఐసు చేశాక, ఆమె వంతుది ఆమెకోసం పెరటి గోడ గూట్లో ఉంచిన విడి గ్లాసులో జారవిడిచేవాళ్ళం. చేసింది ఆమె. పైనుంచి వేసేది నేను. అది కూడా పుస్తకంలో ఉంది: 'విడి గ్లాసు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. రాస్తున్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

గడువుకు ఇంకా వారం ఉందనగా నాకు తాటిముంజల ఐసు చేయాలన్న ఆలోచన పుట్టింది. ముంజలు కొట్టేది మిరప కల్లాల అవతల, చేలగట్టు మీది తాటిచెట్ల దగ్గర. నేను ఆ ఏడే పెద్దమనిషినయ్యాను. కల్లాల వైపు పోతే కాళ్ళు విరగ్గొడతానని నాయనమ్మ చెప్పి ఉంచింది. అందరూ కునుకు తీస్తున్న వేళ, ముంజలు మూట కట్టి తేవడానికి దండెం మీది వడపోత గుడ్డను లాక్కుని పెరటి దారిన వెళ్ళాను. అది తాతయ్య పాత పంచెలోంచి చింపిన ముక్క. కల్లం దగ్గరికి వచ్చేసరికి వేడిగాలి లేచింది. ఆరబోసిన కాయల మీది దుమ్ము ఎర్రగా కదిలింది. ఆ గుడ్డనే ముక్కుకు, నోటికి అడ్డంగా కట్టుకున్నాను. ముంజలు దొరకలేదు, ఆ రోజు కొట్టేవాళ్ళు రాలేదు. తిరిగి వచ్చి, గుడ్డను తొట్టి నీళ్ళలో రెండుసార్లు జాడించి మళ్ళీ దండెం మీద వేశాను. ఉత్త నీళ్ళలో. ఆముదం సంగతి, బూడిద సంగతి రోజూ నా చేత్తో రాసే నేను ఆ పని చేశాను. ఇంకొకరి చేతుల మీద అంత కన్ను వేసి ఉంచినదాన్ని, నా చేతిలో గుడ్డ వైపు చూసుకోలేదు.

ఆ సాయంత్రం నా చెంపలు మండాయి. ఎండ దెబ్బ అని చెప్పాను. అమ్మ వెన్న రాసింది.

అంతకు ముందే అక్క వచ్చి, ఎప్పటిలాగే చేతులు కడుక్కుని రసం పిండారు. నేను పక్కనే ఉండి చూశాను. పిండడం అయ్యాక, "ప్రార్థన కూటానికి వేళయిందమ్మాయి గారూ, వడకట్టేది మీరు చూసుకోండి" అని వెళ్ళారు. అమ్మ అప్పుడు మేడ మీద బట్టలు తీస్తున్నది. నేను వడకట్టాను, పోశాను, పెట్టాను. చెంపల మంటలో పుస్తకం పూర్తి చేయలేదు. పండు, నీళ్ళు, వేళ, పిండిన మనిషి పేరు వరకు రాసి, చివరి రెండు గళ్ళూ ఖాళీగా వదిలాను.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలం వరసగా కూర్చుని తిన్నాం. మొదట ఎవరికీ ఏమీ తెలియలేదు. చల్లదనానికి నాలిక మొద్దుబారిపోతుంది కదా. సగం పైగా తిన్నాక, కరిగింది గొంతులోకి దిగాక, మంట ఒక్కసారిగా లేచింది. పెద్దవాళ్ళం మజ్జిగ తాగి తట్టుకున్నాం. చిన్నవాడు పెదాలు రుద్దుకుని, అదే చేత్తో కళ్ళు రుద్దుకున్నాడు. వాడి కేకలకు వీధిలోవాళ్ళు వచ్చారు. పెదాలు వాచి, కళ్ళు మూసుకుపోయి, రెండు గంటలసేపు వాడు అమ్మ భుజం మీద ఎక్కిళ్ళు పెట్టాడు.

నాయనమ్మ ఎక్కువ మాట్లాడలేదు. "నేను చెప్పానా లేదా" అని ఒక్కటే మాట, ఒక్కొక్కరి మొహం చూసి ఒక్కొక్కసారి అంది. తాతయ్య కల్లానికి మనిషిని పంపి అక్కను పిలిపించాడు. నా వైపు తిరిగి పుస్తకం తెమ్మన్నాడు.

గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచాను. రెండు ఖాళీ గళ్ళు. నిజం రాస్తే గుడ్డ సంగతి వస్తుంది. గుడ్డ వెనుక కల్లం వస్తుంది. కల్లం వెనుక నాయనమ్మ, చీవాట్లు. అన్నిటికంటే ఎక్కువగా, నన్ను కరణం అన్న తాతయ్య ముందు నేను తెలివితక్కువదాన్ని అవుతాను. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం కోసం నలభై ఏళ్ళు వెతికాను, దొరకలేదు. పెన్ను తీసి, వడకట్టింది అన్న గడిలో ఆమె పేరు రాశాను. చేతులు అన్న గడిలో 'చూడలేదు' అని రాశాను.

పుస్తకాన్ని అమ్మ నా చేతిలోంచి అందుకుని తాతయ్యకు ఇచ్చింది. ఇస్తున్నప్పుడు బొటనవేలు ఆ గళ్ళ మీద పడింది. ఇంకు ఆరలేదు. అమ్మ తన వేలి వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ తరువాత ఆ చేతిని కొంగులో దాచుకుంది.

తాతయ్య చదివి, పెరటి గుమ్మం బయట నిలబడ్డ అక్కతో రాసింది చెప్పాడు. అరవలేదు, ఆయన ఎప్పుడూ అరిచే మనిషి కాదు.

"నేను వడకట్టకుండానే పోయానండి" అన్నారు అక్క. ఊపిరి కోసం కాసేపు ఆగి, "ఆ పుస్తకం ఒకసారి చూడొచ్చాండి?" అని అడిగారు.

నాయనమ్మకు చదువు రాదు. అక్కకు వచ్చు. నేను పుస్తకాన్ని గుమ్మం మీద పెట్టాను, చేతికి ఇవ్వలేదు. ఆమె వంగి తీసుకుని, తన పేరున్న మొదటి పుట నుంచి వేలు పెట్టి చదివారు. ఆముదం, బూడిద, సబ్బు, శుభ్రం. ఆముదం, బూడిద, సబ్బు, శుభ్రం. అలా ఇరవై రెండు రోజులూ చదివి చివరి గడి దగ్గర ఆగారు.

"ఆ ఒక్క రోజే చూడలేదా, అమ్మాయి గారూ?"

"చూడలేదు" అన్నాను.

ఆమె పుస్తకం మూసి గుమ్మం మీద పెట్టి, నాకు కాదు, అమ్మకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. తాతయ్య అమ్మతో ఇక ఆ మాట ఎత్తవద్దన్నాడు. ఆయా పని పక్క వీధిలో ఇంకొకరికి వెళ్ళింది.

ఆ సాయంత్రం అమ్మ వడపోత గుడ్డను తనే తీసుకుని, ఆముదం పట్టించి, కుంకుడు రసంలో ఉడకబెట్టి ఉతికింది. ఆ తరువాత తన వేళ్ళకు వెన్న రాసుకుంటూ పొయ్యి దగ్గర కూర్చుంది. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నని నేను చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అడగలేదు కనుక ఆమెకూ ఇందులో వాటా ఉందని కూడా అనుకున్నాను. చనిపోయిన తల్లి మీదికి సగం తప్పు నెట్టడానికి చూసిన మనసు నాది. రెండు రోజులకే మేము సపోటా ఐసు పెట్టుకున్నాం. 'బాగా గడ్డకట్టింది' అని రాశాను.

అక్క మళ్ళీ కల్లానికే వెళ్ళారు. ఎన్నో ఏళ్ళ తరువాత, నాకు ఉద్యోగం వచ్చి సెలవులకు ఊరు వచ్చినప్పుడు, ఆమెను చూడటానికని నేనే వెళ్ళాను. రోడ్డు పక్క రేకుల షెడ్డు కింద పదిమంది ఆడవాళ్ళతో కలిసి తొడిమలు తీస్తున్నారు. మనిషి సగమయ్యారు. ఊపిరి తీస్తుంటే మెడ కింద గుంట పడుతోంది. పక్కకు పిలిచి, నిలబడే అంతా చెప్పాను. గుడ్డ, కల్లం, ఇంకు.

ఆమె ఆశ్చర్యపోలేదు. చేతిలో మిగిలిన కాయల్ని పక్కనున్న గంపలోకి దులిపి అన్నారు: "నోటితో ఎందుకండీ ఇప్పుడు. అప్పుడు రాశారు కదా. ఇప్పుడు కూడా రాసి ఇవ్వండి."

నా సంచీలో కాగితం, పెన్ను ఎప్పుడూ ఉంటాయి. రాశాను. నాలుగు వాక్యాలు, కొట్టివేతలు లేకుండా. ఆమె వేలు పెట్టి చదివారు. చివరికి వచ్చి, వేలిని ఖాళీ జాగాలో ఉంచి, తలెత్తి చూశారు.

"కింద మీ పేరు పెట్టలేదండి."

తాతయ్య అప్పటికి బతికే ఉన్నాడు. నా పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఆ కాగితం చర్చిలోనో, రచ్చబండ దగ్గరో ఎవరయినా చదివితే? సంతకం పెట్టి రేపు తెస్తానన్నాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చారు. "గాలికి ఎదురు నిలబడ్డారు, ఇవతలికి రండి, కళ్ళు మండుతాయి" అని, తిరిగి వెళ్ళి కుప్ప ముందు కూర్చున్నారు.

రేపు వెళ్ళలేదు. ఆ సెలవుల్లో వెళ్ళలేదు. మరుసటి వేసవికి ఆమె లేరని తెలిసింది. ఆమె మనుమరాలు ఇప్పుడు మా మండలంలోనే టీచరుగా పనిచేస్తున్నారు. ఇది అచ్చయితే ఒక ప్రతి ఆమెకు పంపాలని ఉంది. జరిగింది జరిగినట్టు, వరస తప్పకుండా, ఏదీ తగ్గించకుండా రాశాను. రాయడం ముగించి మొదటి నుంచి చదువుకుంటే, ఇందులో ఆమె పేరు లేదు, నా పేరూ లేదు. మా పిల్లలు ఏమనుకుంటారోనని పెన్ను ఇంకా వెనకాడుతోంది.